మసాలా గుమ్మడికాయ లేయర్ కేక్: గుజ్జు గట్టిపడితే సగం పని అయినట్టే

గుమ్మడికాయ కేక్ అడుగున జిగురు పట్టీ కట్టిందన్నా, నడుమ గుంట పడిందన్నా ముందు ఓవెన్‌ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు గుజ్జుది. పచ్చి గుమ్మడిలో 90 శాతానికి పైగా నీరే. ఆ నీటిని ముందే వదిలించకపోతే కొలతలు ఎంత పక్కాగా ఉన్నా లాభం లేదు.

కావలసింది నారింజ రంగు కండ ఉన్న తియ్య గుమ్మడి, బూడిద గుమ్మడి కాదు. కిలోంపావు ముక్క తీసుకోండి. గింజలూ పీచూ గీకేసి, తొక్క ఉంచి, అరచేయంత ముక్కలు కోయండి. కండ కిందికి వచ్చేలా ట్రేలో బోర్లించి 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర 45 నుంచి 50 నిమిషాలు కాల్చండి. కత్తి మొన ఆగకుండా దిగితే అయినట్టు. నీళ్లలో మాత్రం ఉడికించొద్దు. వదిలించాల్సిన నీటిని మనమే ఇంకా ఎక్కించినట్టవుతుంది, పైగా తీపి నీళ్లపాలు.

చల్లారాక కండ గీకి మిక్సీలో మెత్తగా తిప్పండి. పలచని బట్టలో వేసి జల్లెడ మీద గంటసేపు ఉంచండి. తర్వాత ఒక చెంచా గుజ్జు స్టీలు పళ్లెంలో పెట్టి రెండు నిమిషాలు చూడండి. ముద్ద చుట్టూ తడి వలయం ఊరిందంటే ఇంకా నీరు ఉన్నట్టే. వెడల్పాటి బాణలిలో సన్న మంట మీద కలుపుతూ దగ్గరకు రానివ్వండి, పది నిమిషాల పని. గరిటెతో గీత గీస్తే అడుగు కనిపించాలి, ఆ గీత వెంటనే పూడుకుపోకూడదు. దించి పూర్తిగా చల్లార్చి, 400 గ్రాములు తూచి పక్కన పెట్టండి. వేడి గుజ్జు కలిపితే గుడ్లు విరుగుతాయి, బేకింగ్ పౌడర్ గిన్నెలోనే పొంగి సత్తువ పోగొట్టుకుంటుంది. డబ్బా గుజ్జు వాడేవాళ్లు పై అట్ట చదవండి. ‘పంప్కిన్ పై’ అనే తీపి వంటకం కోసం అమ్మే మిశ్రమంలో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి, అది పనికిరాదు.

మిగతా సరుకు: మైదా 300 గ్రా., బేకింగ్ పౌడర్ 2 టీస్పూన్లు, వంటసోడా ముప్పావు టీస్పూన్, ఉప్పు ముప్పావు టీస్పూన్, బ్రౌన్ షుగర్ 200 గ్రా., మామూలు చక్కెర 120 గ్రా., వాసన లేని నూనె 200 మి.లీ., గది వేడిమిలో ఉన్న గుడ్లు 4, వెనీలా 2 టీస్పూన్లు. టీస్పూన్ అంటే 5 మి.లీ. కొలత చెంచా, తలగొట్టి చదును చేసింది. సోడా ఇంకాస్త వేస్తే ఇంకాస్త పొంగుతుందనుకోవద్దు. పొంగినంత వేగంగా కూలుతుంది, నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది.

వెన్న బదులు నూనె ఎందుకంటే, ఈ కేక్‌కి క్రీమ్ చీజ్ పూత వేస్తాం, ఆ పూత ఉన్న కేక్ ఫ్రిజ్‌లో ఉండాల్సిందే. చలికి వెన్న గడ్డకట్టి ముక్క బిరుసెక్కుతుంది, నూనె కేక్ మెత్తగానే ఉంటుంది.

మసాలాకి దాల్చినచెక్క పొడి 2 టీస్పూన్లు, శొంఠి 1 టీస్పూన్, అప్పటికప్పుడు తురిమిన జాజికాయ అర టీస్పూన్, లవంగాల పొడి పావు టీస్పూన్. లవంగం దగ్గర చెయ్యి జారొద్దు, పావు దాటితే కేక్ పళ్లపొడి వాసన కొడుతుంది. కొలిచిన నూనెలోంచే మూడు పెద్ద చెంచాలు తీసి గోరువెచ్చన చేసి, పొయ్యి ఆపి, ఈ పొడులన్నీ అందులో కలపండి. మసాలా సువాసన కొవ్వులో బాగా కరుగుతుంది కాబట్టి ఆ ఘాటు కేకంతా పరుచుకుంటుంది. నూనె పొగ వచ్చేదాకా కాగితే మాత్రం మసాలా మాడి చేదెక్కుతుంది.

20 సెం.మీ. గుండ్రటి టిన్నులు రెండు, అంచు 5 సెం.మీ. ఎత్తువి తీసుకోండి. నూనె రాసి అడుగున బేకింగ్ పేపర్ పరవండి. ఓవెన్ 175 డిగ్రీలకు (ఫ్యాన్ ఉంటే 160) వేడెక్కనివ్వండి. గుడ్లూ రెండు రకాల చక్కెరా రెండు నిమిషాలు గిలక్కొట్టి, మసాలా నూనె, మిగిలిన నూనె సన్నని ధారగా పోస్తూ కలపండి. తర్వాత గుజ్జు, వెనీలా. జల్లించిన మైదా, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు రెండు విడతలుగా వేసి గరిటెతో కింది నుంచి పైకి తిప్పండి. పొడి పిండి జాడ పోగానే ఆపేయండి. ఇంకా నునుపు రావాలని కలుపుతూ పోతే మైదాలో గ్లూటెన్ అనే జిగురు ప్రోటీన్ సాగి, కేక్ రబ్బరులా వస్తుంది, కోస్తే లోపల సొరంగాల్లాంటి రంధ్రాలు కనిపిస్తాయి.

ఒక్కో టిన్నులోకి దాదాపు 700 గ్రాముల పిండి వస్తుంది. కంటి అంచనా వద్దు, తూచి పోయండి. 35 నుంచి 40 నిమిషాలు కాలాలి. మొదటి 25 నిమిషాలు ఓవెన్ తలుపు తెరవొద్దు. నడుమ పుల్ల గుచ్చితే ఒకటి రెండు తడి పలుకులు అంటుకోవచ్చు, పచ్చిపిండి అంటుకోకూడదు. థర్మామీటరు ఉంటే లోపల 96–98 డిగ్రీలు చూపించాలి. పుల్ల పూర్తిగా పొడిగా వచ్చేదాకా ఆగితే అంచులు ఎండిపోతాయి. టిన్నులో పావుగంట, జాలీ మీద బోర్లించి చల్లారేదాకా, తర్వాత ప్లాస్టిక్ పొరలో చుట్టి ఫ్రిజ్‌లో కనీసం రెండు గంటలు. ఈ ఆఖరి అడుగు దాటేస్తే కోసేటప్పుడు పొరలు చిరిగిపోతాయి.

క్రీమ్ చీజ్ పూతకి మెత్తబడిన వెన్న 150 గ్రా., జల్లించిన ఐసింగ్ షుగర్ 300 గ్రా., ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన క్రీమ్ చీజ్ 450 గ్రా., చిటికెడు ఉప్పు. చీజ్ అచ్చులా గట్టిగా ఉండే రకమే తీసుకోండి, రొట్టె మీద పూసుకునే డబ్బా రకం మరీ జారు. వెన్నా చక్కెరా తెల్లగా తేలికయ్యేదాకా మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టి, చల్లటి చీజ్ ముక్కలు వేస్తూ కలిసేదాకే తిప్పండి. ఎక్కువ తిప్పితే చీజ్ నీరు వదిలి పూత జారిపోతుంది, అప్పుడు ఐసింగ్ షుగర్ ఇంకా కుమ్మరించడం ఎందుకూ కొరగాని వైద్యం, తీపి పెరుగుతుందంతే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, కాస్త జారైతే తిరిగి గట్టిపడుతుంది.

చల్లటి కేకుల పైన ఉబ్బు ఉంటే రంపపు పళ్ల కత్తితో చదును చేసి, ఒక్కోదాన్ని అడ్డంగా రెండు పొరలు కోయండి. ముందు చుట్టూ గాటు పెట్టి, కేకును తిప్పుతూ లోపలికి వెళితే కోత వంకర పోదు. పొరకీ పొరకీ మధ్య 130 గ్రాముల పూత. కోత ముఖం మెత్తగా ఉండి పలుకులు రాలుస్తుంది కాబట్టి, అన్నింటికన్నా పైన మాత్రం టిన్ను అడుగున ఉన్న పొరను అడుగు ముఖం పైకుండేలా తిరగేసి పెట్టండి, పలుకులు రాలవు. చుట్టూ పలచగా ఒక పూత వేసి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే అసలు పూత.

ఫ్రిజ్‌లో మూత డబ్బాలో పెడితే నాలుగు రోజులు బాగుంటుంది, రెండో రోజుకి మసాలా మరింత కుదురుకుంటుంది. వడ్డించడానికి ముప్పావుగంట ముందు బయట పెట్టండి. కత్తిని వేడినీళ్లలో ముంచి తుడిచి కోయండి, ప్రతి కోతకీ మళ్లీ తుడవాలి.