సర్క్యూట్ బోర్డు మీద గట్టి గమ్ తీసే ముందు ఇవి చూస్కోండి

– ముందు ప్లగ్ తీసేయండి, బ్యాటరీ కనెక్టర్ కూడా పీకేయండి. స్విచ్ ఆఫ్ చేశాం కదా అంటే కుదరదు, పవర్ సప్లైలో పెద్ద కెపాసిటర్లు ప్లగ్ తీశాక కూడా కాసేపు చార్జ్ పట్టుకునే ఉంటాయి.

– అది ఏ గమ్మో తెలుసుకోండి, అసలు పనంతా ఇక్కడే ఉంది. హాట్ గ్లూ అయితే 99% ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అంచుల్లో రెండు చుక్కలు వేసి కాసేపు ఆగితే చాలావరకు పట్టు వదిలేస్తుంది, సూపర్ గ్లూకి మాత్రం అసిటోన్ కావాలి, కానీ అది ఏబీఎస్, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది, కేసింగ్ తెల్లగా పాలిపోయి జిగటగా అయిపోతుంది, అందుకే కనపడని మూల ఒక చుక్క వేసి చూశాకే మొదలుపెట్టండి. ఎపాక్సీ అయితే వీటికి అంత తేలిగ్గా లొంగదు, వేడితో మెత్తబరచాల్సిందే.

– ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అసిటోన్ రెండూ ఇట్టే నిప్పంటుకుంటాయి. తడి ఆరకుండా హాట్ ఎయిర్ గన్ (వేడి గాలి ఊదేది) ఆన్ చేయొద్దు. కిటికీలు తీసి పెట్టండి.

– బ్యాటరీ కింద గమ్ ఉంటే స్క్రూడ్రైవర్ జోలికి పోకండి, ప్లాస్టిక్ కార్డే వాడండి. ఉబ్బిన బ్యాటరీ అయితే మీరు ముట్టుకోకండి, రిపేర్ వాళ్లకి ఇచ్చేయండి.

– తొందరపడి లాగితే గమ్ రాదు, చిప్పే దాని కింద బోర్డు మీదుండే రాగి ప్యాడ్‌తో సహా లేచొస్తుంది.