పది నిమిషాల వ్యాయామానికి ఒంటిని సిద్ధం చేసుకోవడం ఎలా?

నాలుగు నిమిషాల వ్యాయామం చాలునని చెప్పే వీడియో చూసి మొదటిరోజే పూర్తి వేగంతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది మూడో రోజుకు మెట్లు దిగలేక మానేస్తారు. ఈ నాలుగు నిమిషాల పద్ధతికి పేరు తెచ్చింది జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా బృందం 1996లో ప్రచురించిన అధ్యయనం. 20 సెకన్లు ఒంట్లోని శక్తంతా పెట్టి సైకిలు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇక చేతకాదనేదాకా అలా మళ్లీ మళ్లీ చేయడం అందులోని పద్ధతి. పాల్గొన్నది ఆటల్లో ఆరితేరిన విద్యార్థులు, చేసింది వ్యాయామ సైకిలు మీద. ఇంట్లో కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ కొలత నప్పదు. తక్కువ సమయంలో ఫలితం రావాలంటే తీవ్రత కావాలి. ఆ తీవ్రతకు తట్టుకునే ఒళ్లు ముందు తయారుకావాలి.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, పాత మోకాలి లేదా నడుము నొప్పి ఉన్నవారు, గర్భిణులు ముందుగా డాక్టరును అడగాలి. ఇది లాంఛనానికి చెబుతున్న మాట కాదు.

1. నాలుగు కదలికలు ఎంచుకోండి

బస్కీలు, దండీలు, సేతుబంధాసనంలోలా వెల్లకిలా పడుకుని నడుము పైకెత్తడం, ప్లాంక్ (బోర్లా ఉండి ముంజేతులు, కాలివేళ్ల ఆనికతో ఒంటిని పైకి తిన్నగా నిలిపి ఉంచడం). ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు. అన్నింటినీ తేలిక రూపంలోనే మొదలుపెట్టాలి.

బస్కీలకు గట్టి కుర్చీ తీసుకుని గోడకు ఆనించండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, మూడు లెక్కపెడుతూ కుర్చీలో కూర్చోండి, చేతులు ఆనించకుండా లేవండి. మోకాళ్లు లోపలికి వాలకూడదు. దండీలను నిలబడి, చేతులు గోడకు ఆనించి చేస్తే చాలు. ప్లాంక్‌ను మోకాళ్లు నేలకు ఆనించి 15 సెకన్లు పట్టండి. నున్నటి టైల్స్ మీద చాప జారుతుంది, అడుగున పట్టు ఉన్న మ్యాట్ వేసుకోండి.

2. మొదటి మూడు వారాలు తక్కువే చేయండి

వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామం. రెండు నిమిషాలు ఉన్నచోటే నడిచి, భుజాలు తిప్పి ఒళ్లు వేడెక్కాక ఒక్కో కదలిక ఎనిమిది సార్లు (ప్లాంక్ అయితే 15 సెకన్లు), రెండు విడతలు. ఇంకో రెండు మూడు చేయగలననిపించినప్పుడే ఆపాలి. చాలామందికి ఇది మరీ తక్కువగా తోస్తుంది. కానీ కండరాలు బలపడినంత వేగంగా వాటిని ఎముకలకు కలిపే స్నాయువులు బలపడవు. తొందరపడినవారికి భుజం, మోకాలు పట్టేసేది సాధారణంగా అందుకే.

మర్నాడు, ఆ మర్నాడు కండరాలు సలపడం మామూలే. కీలులో పోటు, గుచ్చినట్టు నొప్పి వస్తే ఆ కదలిక ఆపాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే వైద్యసాయం తీసుకోవాలి.

3. ముందు కదలికను కష్టతరం చేయండి, గడియారాన్ని తర్వాత చూడండి

రెండు విడతల్లోనూ 12 సార్లు, వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో, భంగిమ చెడకుండా చేయగలిగితే పై మెట్టుకు వెళ్లవచ్చు. దండీల్లో గోడ నుంచి వంటింటి గట్టుకు, అక్కడి నుంచి కదలని మంచం అంచుకు, చివరికి నేలకు. చేతులు ఎంత కిందికి వెళితే ఛాతీ, భుజాల మీద అంత బరువు పడుతుంది. నేలను చేరడానికి కొందరికి నెలలు పడుతుంది, పట్టనివ్వండి. బస్కీలకు కుర్చీ తీసేయండి. నడుమెత్తేటప్పుడు ఒక కాలిమీద ప్రయత్నించండి. పై మెట్టులో మళ్లీ ఎనిమిదితోనే మొదలుపెట్టాలి.

4. ఇప్పుడు విరామం తగ్గించండి

ఫోనులో టైమరు పెట్టి 30 సెకన్లు చేయడం, 30 సెకన్లు ఆగడం. నాలుగు కదలికలు రెండు చుట్లు తిరిగితే ఎనిమిది నిమిషాలు, ఒళ్లు వేడెక్కించే సమయంతో కలిపి పది. ఇది తేలికయ్యాక 40 సెకన్ల పని, 20 సెకన్ల విరామం. చివర్లో ఒకటి రెండు పదాలకు మించి మాట్లాడలేనంత ఆయాసం వస్తే తీవ్రత సరిపోయినట్టే. భంగిమ చెడిపోతే మాత్రం గంట మోగకముందే ఆపేయండి.

మన ఎండాకాలంలో ఇది తెల్లవారుజామున చేసుకోవడమే మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు కండరాల వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలంటున్నాయి, దానితోపాటు ఓ మోస్తరు శ్రమ 150 నిమిషాలైనా ఉండాలంటున్నాయి. కాబట్టి నడక మానకండి.

పెళ్లిళ్లు, ప్రయాణాలు, జ్వరాలు వస్తూనే ఉంటాయి. వారం తప్పితే ఒక మెట్టు కిందికి దిగి మొదలుపెట్టండి, నెల తప్పితే రెండు మెట్లు.