పాత గేమ్ కన్సోల్‌ను, చిన్న కంప్యూటర్‌ను ఇంటి మీడియా ప్లేయర్‌గా వాడుకునే విధానం

ఆటలు ఆడడం మానేశాక మూలనపడిన గేమ్ కన్సోల్‌లో, వీడియోను విప్పి తెర మీద చూపించే యంత్రాంగం చాలాసార్లు చెక్కుచెదరకుండానే ఉంటుంది. 2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3నే తీసుకుంటే, బ్లూ-రే డ్రైవ్, హెచ్‌డీఎంఐ, వేగవంతమైన నెట్‌వర్క్ పోర్టు మూడూ అందులో ఉన్నాయి. అలాంటి పరికరాన్ని పారేసి, డిస్క్ డ్రైవ్ కూడా లేని కొత్త పెట్టెను కొనడం చాలా ఇళ్లలో అనవసరం. అయితే పాత పరికరం ఏ ఫైలునైనా ఆడిస్తుందని ఆశించి మొదలుపెట్టినవారు మొదటి సాయంత్రమే విసిగిపోతారు. పరికరానికి ఏది చేతనవునో ముందు తెలుసుకుని, ఫైళ్లను దానికి తగినట్టు సిద్ధం చేసి, బరువైన పనిని మరో కంప్యూటర్‌కు అప్పగిస్తే అదే పరికరం ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది.

ఏ పరికరంతో ఎంత పని జరుగుతుంది

ప్లేస్టేషన్ 2, నింటెండో వీ, తొలి ఎక్స్‌బాక్స్ ఒక తరగతికి చెందుతాయి. ప్లేస్టేషన్ 2 డీవీడీ ప్లేయర్‌గా బాగానే పనికొస్తుంది, అంతకుమించి దాని నుంచి ఆశించకూడదు. వీ చూపించగలిగిన బొమ్మ 480పీ (నిలువునా 480 గీతల స్పష్టత) దాటదు. పైగా అందులో వీడియో ఫైళ్లు ఆడించాలంటే అనధికార సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవాలి. 2001 నాటి తొలి ఎక్స్‌బాక్స్‌కు మాత్రం ఈ రంగంలో గౌరవస్థానం ఉంది. నేడు కోడి పేరుతో ప్రసిద్ధమైన మీడియా సెంటర్ (వీడియోలు, పాటలు ఆడించే ప్రోగ్రామ్) మొదట ఆ కన్సోల్ కోసమే, ఎక్స్‌బీఎంసీ పేరుతో పుట్టింది. 2014లో పేరు మారింది. కానీ 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 మెగాబైట్ల మెమరీ ఉన్న ఆ యంత్రం డీవీడీ స్థాయి వీడియోను చక్కగా చూపిస్తుందే తప్ప, నేటి హెచ్‌డీ ఫైళ్లను మోయలేదు.

తొలి ఎక్స్‌బాక్స్‌ను బయటికి తీసేవారు దానికి కరెంటు ఇచ్చే ముందు మూత విప్పి ఒక భాగాన్ని తప్పక చూడాలి. గడియారాన్ని నడిపేందుకు మదర్‌బోర్డు మీద ఒక కెపాసిటర్ ఉంటుంది. 1.6 వెర్షన్‌కు ముందు వచ్చిన కన్సోళ్లలో ఇది ఏళ్లు గడిచేకొద్దీ కారిపోతుంది. కారిన ద్రవం బోర్డు మీది సన్నని రాగి దారులను తినేస్తుంది. కెపాసిటర్ కాళ్ల దగ్గర గోధుమరంగు జిగురు కనిపించినా, చుట్టూ ఉన్న పచ్చటి పూత మసకబారినా దాన్ని పీకేసి, ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయాలి. ఆ కెపాసిటర్ లేకున్నా కన్సోల్ నడుస్తుంది, ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ, సమయం మళ్లీ పెట్టుకోవలసి వస్తుంది, అంతే.

ఇంటి వాడకానికి నేను మొదట సూచించేది ప్లేస్టేషన్ 3, అందులోనూ 2009లో వచ్చిన స్లిమ్ మోడల్. అది హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోను 1080పీ వరకు తడబడకుండా ఆడిస్తుంది; బ్లూ-రే, డీవీడీ, ఆడియో సీడీ మూడింటినీ చదువుతుంది. ఎక్స్‌బాక్స్ 360 కూడా ఇదే స్థాయి హెచ్.264ను ఆడిస్తుంది కానీ, సెకనుకు 10 మెగాబిట్లకు మించని వీడియో, రెండు చానెళ్ల ఏఏసీ ధ్వని అనే పరిమితులు దానికి ఉన్నాయి. 2005లో వచ్చిన తొలి యంత్రాల్లో హెచ్‌డీఎంఐ పోర్టు కూడా లేదు. ప్లేస్టేషన్ 4లో 2015లో విడుదలైన మీడియా ప్లేయర్ యాప్ ఎంకేవీ ఫైళ్లను కూడా ఆడిస్తుంది. అయితే అది ఆడియో సీడీలను చదవదు, డిస్క్ ఆడించే సౌకర్యాన్ని మొదటిసారి చేతనం చేయడానికి ఇంటర్నెట్ అడుగుతుంది. ఎక్స్‌బాక్స్ వన్‌కు 2017 చివర్లో కోడి నేరుగా దొరకడం మొదలైంది కాబట్టి, దాని యజమానులు ఇక్కడ చెప్పబోయే కష్టాల్లో సగం పడనక్కరలేదు.

ఫైలు లోపల ఏముందో చూడడం

ఫైలు పేరు చివర ఉండే ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనేవి డబ్బా మీద అంటించిన చీటీల వంటివి. లోపలి సరుకు వేరు. ఆ డబ్బాను కంటైనర్ అంటారు, లోపల వీడియోను, ధ్వనిని కుదించిన పద్ధతిని కోడెక్ అంటారు. పరికరం ఫైలును తిరస్కరించినప్పుడు కారణం కంటైనరా, కోడెకా అన్నది తేల్చుకోకుండా ఏ మార్పూ చేయకూడదు. దీనికి మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ చాలు. దానిలో ఫైలును తెరవగానే వీడియో భాగంలో ఏవీసీ అని ఉంటే అది హెచ్.264 అని, హెచ్ఈవీసీ అని ఉంటే హెచ్.265 అని అర్థం. దాని కింద ప్రొఫైల్, లెవెల్, బిట్ డెప్త్ కనిపిస్తాయి. హై ప్రొఫైల్, లెవెల్ 4.1, 8 బిట్లు అని ఉంటే ప్లేస్టేషన్ 3కు, ఎక్స్‌బాక్స్ 360కు ఆ వీడియో సమ్మతమే. 10 బిట్లు అని ఉంటే, హెచ్.264 అయినా సరే, ఈ రెండూ ఆడించలేవు. హెచ్.265 వీటికి అసలే తెలియదు. ప్లేస్టేషన్ 4 మీడియా ప్లేయర్‌కూ తెలియదు.

వీడియో హెచ్.264 అయి ఉండి, కంటైనర్ మాత్రమే ఎంకేవీ అయితే ఆ ఫైలును మళ్లీ ఎన్‌కోడ్ చేయవలసిన, అంటే కొత్తగా కుదించవలసిన అవసరం లేదు. లోపలి వీడియోను ముట్టుకోకుండా కొత్త కంటైనర్‌లోకి మార్చడాన్ని రీమక్స్ అంటారు. ఇది ఫైలును కాపీ చేసినంత సేపట్లో ముగుస్తుంది, నాణ్యత ఇసుమంత కూడా తగ్గదు. ధ్వని ఏఏసీ అయితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌లో కాపీ ఎంపికతో ఎంపీ4లోకి మార్చాలి. ఏసీ-3 (డాల్బీ డిజిటల్) అయితే, ప్లేస్టేషన్ 3 కోసం, టీఎస్‌మక్సర్ అనే ప్రోగ్రామ్‌తో ఎం2టీఎస్ కంటైనర్‌లోకి మార్చడం మేలు. ఇక్కడ చాలామంది హ్యాండ్‌బ్రేక్ వైపు వెళ్తారు. అది మంచి ప్రోగ్రామే, కానీ అది వీడియోను ప్రతిసారీ మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది కాబట్టి రీమక్స్‌కు పనికిరాదు. కోడెకే మార్చవలసి వచ్చినప్పుడు మాత్రం హ్యాండ్‌బ్రేక్‌నే వాడాలి: హెచ్.264, హై ప్రొఫైల్, లెవెల్ 4.1, నాణ్యత సంఖ్య 20 నుంచి 22 మధ్య, ధ్వని రెండు చానెళ్ల ఏఏసీ అని పెట్టుకుంటే ప్లేస్టేషన్ 3లో చిక్కు రాదు. ఎక్స్‌బాక్స్ 360 కోసమైతే బిట్‌రేటు 10 మెగాబిట్లు దాటకుండా కూడా చూసుకోవాలి.

ఇంటి వేడుకల వీడియోల విషయంలో అసలు పరిష్కారం ఫోన్‌లోనే ఉంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు మామూలుగా హెచ్ఈవీసీలోనే రికార్డు చేస్తున్నాయి. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ కింద ‘మోస్ట్ కంపాటిబుల్’ ఎంచుకుంటే ఇకపై తీసే మామూలు వీడియోలు హెచ్.264లో వస్తాయి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాంటి ఎంపిక కెమెరా సెట్టింగ్స్‌లోనే ఉంటుంది.

యూఎస్‌బీయా, నెట్‌వర్కా

ప్లేస్టేషన్ 3 బయటి డ్రైవ్‌ను ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటేనే గుర్తిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ డ్రైవ్‌లు దానికి కనిపించనే కనిపించవు. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. విండోస్‌లోని మామూలు ఫార్మాట్ విండో చాలాకాలంగా 32 జీబీకి మించిన డ్రైవ్‌లకు ఫ్యాట్32 ఎంపికనే చూపించడం లేదు కాబట్టి, పెద్ద డ్రైవ్‌లకు వేరే ప్రోగ్రామ్ అవసరమవుతుంది. ఇన్ని పరిమితుల వల్ల యూఎస్‌బీని చిన్న చిన్న వీడియోలకు, ఫోటోలకు, పాటలకు ఉంచుకుని, పెద్ద ఫైళ్లను నెట్‌వర్క్ ద్వారా చూడడమే సుఖమని నా అభిప్రాయం. నెట్‌వర్క్ ద్వారా వచ్చే ఫైలుకు 4 జీబీ హద్దు ఉండదు.

నెట్‌వర్క్ దారికి ఇంట్లో ఏదో ఒక కంప్యూటర్ మీద డీఎల్ఎన్ఏ సర్వర్, అంటే ఫైళ్లను ఇంటి నెట్‌వర్క్ మీద ఇతర పరికరాలకు అందించే ప్రోగ్రామ్ నడవాలి. ఆ ప్రమాణాన్ని రూపొందించిన సంస్థ 2003లో ఏర్పడి 2017లో మూతపడినా, అది పెట్టిన పద్ధతి పాత పరికరాలన్నిటిలోనూ నేటికీ పనిచేస్తూనే ఉంది. యూనివర్సల్ మీడియా సర్వర్ ఈ పనికి చాలా అనువైనది. అది పీఎస్3 మీడియా సర్వర్ అనే పాత ప్రోగ్రామ్ నుంచి చీలి పెరిగింది కాబట్టి, ఏ కన్సోల్‌కు ఏది చేతకాదో దానికి బాగా తెలుసు. కన్సోల్‌కు పడని ఫైలు ఎదురైతే అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. ఇప్పటికే జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ వాడుతున్నవారు, 2024లో వచ్చిన 10.9 వెర్షన్ నుంచి డీఎల్ఎన్ఏ విడి ప్లగిన్‌గా మారిందని గుర్తుంచుకుని దాన్ని విడిగా ఎక్కించుకోవాలి.

సర్వర్ సిద్ధమయ్యాక ప్లేస్టేషన్ 3లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీడియా సర్వర్ కనెక్షన్‌ను ఎనేబుల్ చేసి, వీడియో వరుస కింద ‘సెర్చ్ ఫర్ మీడియా సర్వర్స్’ నొక్కాలి. సర్వర్ పేరు రాకపోతే ముందుగా చూడవలసినవి రెండు: కంప్యూటర్ ఫైర్‌వాల్ ఆ ప్రోగ్రామ్‌ను అడ్డుకుంటున్నదా, కన్సోల్ పొరపాటున రౌటర్ గెస్ట్ నెట్‌వర్క్‌లో చేరిందా. గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలను ఇంటి కంప్యూటర్‌తో మాట్లాడనివ్వకపోవడమే చాలా రౌటర్ల స్వభావం.

వీలైతే కేబుల్ లాగండి. ప్లేస్టేషన్ 3లోని వైఫై పాత 802.11జీ ప్రమాణానిది, కాగితం మీద దాని వేగం సెకనుకు 54 మెగాబిట్లు, నిజంగా అందేది అందులో సగం కూడా ఉండదు. బ్లూ-రేలోని వీడియో ఒక్కటే 40 మెగాబిట్ల వరకు వెళ్లవచ్చు. అంత బరువైన ఫైలు వైఫై మీద ఆగి ఆగి నడిస్తే తప్పు సర్వర్‌దీ కాదు, ఫైలుదీ కాదు.

చిన్న కంప్యూటర్ల సంగతి

డిస్కుల అవసరం లేనివారికి రాస్‌బెరీ పై వంటి చిన్న బోర్డు కన్సోల్ కంటే మెరుగైన దారి. కోడిని నడపడానికే తయారైన లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మెమరీ కార్డు మీద రాసి పెడితే బోర్డు నేరుగా కోడిలోకే మేల్కొంటుంది. 2012 నాటి తొలి పైకి, మొదటి తరం జీరో బోర్డులకు లిబ్రెఎలెక్ 10 నుంచి మద్దతు లేదు. వాటిని మరో పనికి వాడుకోవడం మంచిది. పై 3 హెచ్.264కు గట్టిది, హెచ్.265కు బలహీనం. 2019లో వచ్చిన పై 4 హెచ్.265ను 4కే వరకు హార్డ్‌వేర్‌లోనే విప్పుతుంది కాబట్టి, ఫోన్ వీడియోలను మార్చే పనే తప్పుతుంది. పై 4కు రెండు హెచ్‌డీఎంఐ పోర్టులుంటాయి. కరెంటు పోర్టుకు దగ్గరగా ఉన్నదానికే టీవీని కలపాలి. తెర మీద బొమ్మ విరుగుతున్నా, మూలన మెరుపు గుర్తు కనిపిస్తున్నా కారణం దాదాపు ఎప్పుడూ బలహీనమైన అడాప్టరే. ఫోన్ చార్జర్‌తో సరిపెట్టకుండా 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చే అడాప్టర్ వాడాలి. తిరిగే హార్డ్ డిస్కుకు విడిగా కరెంటు ఇవ్వాలి.

పాత ఆండ్రాయిడ్ ఫోన్‌ను వాడదలచినవారు దాని యూఎస్‌బీ-సీ పోర్టు బయటి తెరకు బొమ్మ పంపగలదో లేదో ముందు తేల్చుకోవాలి; చాలా ఫోన్లలో ఆ సౌకర్యం లేదు. రోజంతా చార్జింగ్‌లో ఉంచిన ఫోన్ వెనుక మూత కొంచెం పైకి లేచినా వెంటనే వాడకం ఆపేయాలి. అది బ్యాటరీ ఉబ్బుతున్న గుర్తు.

బొమ్మ, రిమోట్, సబ్‌టైటిళ్లు

ప్లేస్టేషన్ 3లో చీకటి దృశ్యాలు మరీ నల్లగా ముద్దకట్టి కనిపిస్తే, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీ ఫుల్ రేంజ్‌ను లిమిటెడ్‌కు మార్చాలి. బ్లూ-రే సెట్టింగ్స్‌లో 24 హెర్ట్జ్ ఔట్‌పుట్‌ను ఆటోమేటిక్‌లో ఉంచితే, కెమెరా పక్కకు కదిలే దృశ్యాల్లో కుదుపు తగ్గుతుంది. ఈ కన్సోల్‌కు ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ లేదు కాబట్టి మామూలు యూనివర్సల్ రిమోట్ దానిపై పనిచేయదు. స్లిమ్ మోడల్‌లో మాత్రం ‘కంట్రోల్ ఫర్ హెచ్‌డీఎంఐ’ని ఆన్ చేస్తే, దాన్ని అర్థం చేసుకునే టీవీ రిమోట్‌తోనే నడపవచ్చు. గేమ్ కంట్రోలర్ పట్టుకోవడానికి ఇష్టపడని పెద్దవారు ఇంట్లో ఉంటే స్లిమ్‌ను ఎంచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు. రాస్‌బెరీ పై కూడా ఇలాగే టీవీ రిమోట్ మాట వింటుంది.

పరికరంలో సబ్‌టైటిళ్ల లిపికి ఫాంట్ లేకపోతే వాటి స్థానంలో ఖాళీ గడులు కనిపిస్తాయి. అప్పుడు సర్వర్ చేతనో, హ్యాండ్‌బ్రేక్ చేతనో సబ్‌టైటిళ్లను బొమ్మలోనే అచ్చు వేయించాలి. అలా చేస్తే వాటిని తర్వాత ఆపడం కుదరదు కాబట్టి, అసలు ఫైలును విడిగా దాచుకోవాలి.

వేడి, కరెంటు, భద్రత

తొలి ప్లేస్టేషన్ 3 మోడళ్లు సినిమా చూపించేటప్పుడు 100 వాట్లకు పైగా లాగుతాయి; పై 4 ఒంటరిగా 10 వాట్లు కూడా దాటదు. రోజంతా నేపథ్యంలో పాటలు పెట్టుకునే ఇంట్లో కన్సోల్‌ను ఆ పనికి వాడకూడదు. కన్సోల్ చుట్టూ అరచేయి వెడల్పు ఖాళీ ఉంచి, గాలి రంధ్రాల్లో దుమ్ము పేరుకోకుండా చూసుకోవాలి. శుభ్రం చేశాక కూడా ఫ్యాన్ హోరు తగ్గకపోతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటుంది.

మద్దతు ఆగిపోయిన పరికరంలోని బ్రౌజర్‌తో ఏ ఖాతాలోకీ లాగిన్ కాకూడదు. వాటి పాత భద్రతా పద్ధతులను నమ్మలేము. అయితే ప్లేస్టేషన్ 3ను ఇంటర్నెట్‌కు పూర్తిగా దూరం పెట్టడం కూడా సరికాదు: బ్లూ-రే డిస్కులను విప్పే తాళాలకు గడువు ఉంటుంది, సిస్టమ్ అప్‌డేట్‌తోనే అవి కొత్తవి అవుతాయి. అందుకని రౌటర్‌లో దానికి బయటి దారిని మూసి ఉంచి, అప్‌డేట్ అడిగిన రోజున మాత్రం తెరిచి, పని కాగానే మళ్లీ మూసేయండి.