మేడారం జాతరకు కెమెరాతో వెళ్తున్నారా? ఫొటోలు పోకుండా ఈ జాగ్రత్తలు తీసుకోండి

ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర జరిగేది రెండేళ్లకొకసారి, అదీ నాలుగు రోజులే. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరుతుంది, రెండో రోజు చిలకలగుట్ట నుంచి సమ్మక్కను తీసుకొస్తారు. ఆ ఘట్టాల ఫొటోలు పోతే మళ్లీ తీయడానికి రెండేళ్లు ఆగాలి కనుక, లెన్సుల సంగతి కంటే ముందు తీసినవాటిని ఎలా భద్రపరచుకోవాలో తేల్చుకుని బయలుదేరడం మంచిది.

మొదట లెక్క చూసుకోండి. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఒక్కో రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా దాచే ఫొటో) సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది; రోజుకు 1500 ఫొటోలు తీస్తే దాదాపు 40 జీబీ అవుతుంది. నాలుగు రోజులకు సరిపడా మెమరీ కార్డులు వెంట ఉంటే, మధ్యలో ఏ కార్డునూ ఖాళీ చేయవలసిన అవసరం రాదు. ఒకే పెద్ద కార్డు కన్నా 64 జీబీ కార్డులు నాలుగైదు ఉంచుకోవడమే నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఒకటి పాడైనా ఆ కార్డులోని పనే పోతుంది. చవకగా దొరికే కార్డుల్లో నకిలీలు ఎక్కువ. పైన 128 అని రాసి ఉన్నా లోపల అంత చోటు ఉండదు. కొత్త కార్డును ఇంటి దగ్గరే పూర్తిగా నింపి, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాకే సంచిలో పెట్టండి. కెమెరాకు రెండు కార్డుల సదుపాయం ఉంటే, మొదటిది నిండాక రెండోదానికి వెళ్లే పద్ధతి కాకుండా, ప్రతి ఫొటో రెండింటిలోనూ పడే పద్ధతిని ఎంచుకోండి.

గద్దెల దగ్గర కార్డు మార్చడం అంత తేలిక కాదు. చేతులకు బెల్లం (అక్కడి మాటలో బంగారం), పసుపు అంటుకుని ఉంటాయి, దుమ్ము ఆగదు, వెనుక నుంచి జనం తోస్తూనే ఉంటారు. కాబట్టి కార్డు నిండేదాకా ఆగకుండా, పక్కకు వచ్చినప్పుడు వేళ్లు తుడుచుకుని, కెమెరాను కండువా చాటున పెట్టి మార్చండి. నిండిన కార్డును డబ్బాలో బోర్లా పెడితే రాత్రి నిద్రమత్తులోనూ పొరబడరు. జంపన్న వాగులో స్నానాలు తీసేటప్పుడు ఆ డబ్బా ఒంటిమీద ఉండకూడదు. అది నీళ్లలోకి దిగని మనిషి చేతిలో ఉండాలి.

రాత్రి కాపీ చేసుకోవడానికి హార్డ్ డిస్క్ కంటే ఎస్‌ఎస్‌డీ మేలు. లోపల తిరిగే భాగాలు ఉండవు కనుక బస్సు కుదుపులకు తట్టుకుంటుంది. కెమెరాకొక ఫోల్డరు, రోజుకొక ఫోల్డరు తప్పనిసరి. ఒకే కంపెనీ కెమెరాలు రెండు వాడితే ఫైళ్లకు ఒకే పేర్లు పడే అవకాశం ఉంది. ఒకసారి నేను రెండు కార్డులను ఒకే ఫోల్డరులోకి లాగి, పాతవాటి స్థానంలో కొత్తవి పెట్టాలా అని కంప్యూటరు అడిగితే కునికిపాట్లు పడుతూ అవునన్నాను. మొదటి కెమెరా ఫొటోల్లో చాలావరకు పోయాయి. కార్డును ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను. కాపీ అయ్యాక కార్డులోనూ డిస్కులోనూ ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోలాయో చూసి, పదీ ఇరవై ఫొటోలను పూర్తి సైజులో తెరిచి చూసి, ఆ తరువాతే డిస్కును కంప్యూటరులో ఎజెక్ట్ చేసి తీయండి.

క్లౌడును నమ్ముకుని వెళ్లకండి. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ వేగం నిలకడగా దొరికినా 40 జీబీ ఎక్కడానికి దాదాపు 9 గంటలు పడుతుంది. లక్షల ఫోన్లు ఒకేచోట చేరిన అడవిలో అంత వేగం ఆశించలేం. ముఖ్యమైన ఇరవై ముప్పై ఫొటోలను జేపెగ్‌గా చిన్నవి చేసి, సిగ్నలు దొరికినప్పుడు ఇంటికి పంపితే చాలు.

పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ కార్డులో ఇంకొక్క ఫొటో కూడా తీయవద్దు. చెరిపినంత మాత్రాన దత్తాంశం వెంటనే పోదు, దానిమీద కొత్తది పడినప్పుడే పోతుంది. కార్డును పక్కన పెట్టి, ఇంటికి వచ్చాక ఫొటోరెక్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించండి.

తిరుగు ప్రయాణంలో కార్డులు మీ జేబులో, డిస్కు తోటివారి సంచిలో ఉండాలి. రెండూ ఒకే సంచిలో ఉంటే, అది బస్సులో మరిచిపోయిన రోజున రెండు కాపీలూ ఒకేసారి పోతాయి. ఇంట్లో రెండు వేర్వేరు డిస్కుల్లోకి ఎక్కించి సరిచూసుకున్నాకే, బ్యాటరీ నిండుగా ఉన్న కెమెరాలో పెట్టి కార్డులను ఫార్మాట్ చేయండి.