డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లలో శరీరం చూపించే చిన్న గుర్తులను ఎలా గమనించాలి?

ఇంట్లో పెద్దాయన పేర్లు మర్చిపోతుంటే అందరూ గమనిస్తారు. నడిచేటప్పుడు ఆయన ఒక చెయ్యి ఊగడం మానేసిందని మాత్రం ఎవరూ పట్టించుకోరు. డిమెన్షియా జాడ జ్ఞాపకం మీదే కాదు, నడక, చేతులు, నిద్ర మీద కూడా పడుతుంది. డాక్టరు గదిలో బయటపడనివి రోజూ పక్కనుండే మీకే కనిపిస్తాయి.

1. ముందు నడక చూడండి

పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్ లాంటి చదునైన చోట నడవడానికి తీసుకెళ్లండి. పరీక్ష అని చెబితే ఒళ్లు దగ్గర పెట్టుకుని నడుస్తారు, అందుకే మామూలుగా నడవనిచ్చి మీరు కాస్త వెనక ఉండండి. అడుగులు కురచయ్యాయా? రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా? వెనక్కి తిరగడానికి చాలా అడుగులు పడుతున్నాయా? "మధ్యాహ్నం ఏం కూర వండమంటారు నాన్నా?" అని అడగండి. జవాబు చెప్పడానికి ప్రతిసారీ ఆగిపోతుంటే, ఒక్క నడకకే మెదడు ఎక్కువ కష్టపడుతోందేమో అనుకోవాలి. మోకాళ్ల నొప్పి ఉంటే అదీ లెక్కలోకి తీసుకోండి.

పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఈడుస్తూ, మూత్రం కూడా ఆపుకోలేకపోతుంటే తప్పకుండా డాక్టరుకు చెప్పండి. మెదడులో నీరు చేరే జబ్బు కావచ్చు. ఆ నీటిని సన్నని గొట్టంతో మళ్లించే షంట్ ఆపరేషన్‌తో కొందరి నడక బాగా మెరుగుపడుతుంది. ముసలితనంలే అని వదిలేస్తే ఆ అవకాశం పోతుంది.

2. చేతులు

పాత పాసుబుక్కులో సంతకం పక్కన ఇప్పటి సంతకం పెట్టి చూడండి. అక్షరాలు బాగా చిన్నవయ్యాయా? చొక్కా తొడిగేటప్పుడు "చెయ్యి వదులు చెయ్యండి" అంటే ఇంకా బిగిస్తున్నారా? అది మొండితనం కాదు, జబ్బే అలా చేయిస్తుంది. దయచేసి కసురుకోకండి.

3. నిద్ర

కలలో అరవడం, చేతులు విసరడం కొందరిలో మతిమరుపుకి ఏళ్ల ముందే మొదలవుతుంది. దానికి తోడు లేని మనుషులు కనిపించడం, ఒక పూట చురుగ్గా, మరో పూట మత్తుగా ఉండడం ల్యూయీ బాడీ డిమెన్షియా అనే ఒక రకం డిమెన్షియా గుర్తులు కావచ్చు. వీళ్లకు హాలోపెరిడాల్ లాంటి మానసిక జబ్బుల మందులు ప్రమాదం తేవచ్చు. ఎవరైనా నిద్రకో, గొడవ తగ్గడానికో మందు రాసేముందే ఈ సంగతి చెప్పండి.

4. రాసుకుని తీసుకెళ్లండి

ఏ గుర్తు ఎప్పుడు మొదలైందో రాయండి. వాళ్లకు చెప్పి నడకను ఫోన్‌లో వీడియో తీయండి. మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి. తలతిరుగుడుకి వాడే సిన్నరిజైన్ కూడా పెద్దవాళ్లలో వణుకు, బిగుతు తెప్పించగలదు. అలాగని మాత్రలు మీరే ఆపేయొద్దు. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) న్యూరాలజీ ఓపీలో చూపించవచ్చు. బీ12, థైరాయిడ్ పరీక్షల గురించి అడగండి.

5. ఆలస్యం చేయకూడని గుర్తులు

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయండి. మొదలైన టైము గుర్తుపెట్టుకోండి, మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ని సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఒకటి రెండు రోజుల్లోనే అయోమయం బాగా పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం తగ్గడమో కారణం కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.