సెకండ్ హ్యాండ్ కారు కొని మార్పులు చేయించుకోవడం: ఏది ముందు, ఏది తరువాత

మార్పులు చేయించుకుందామన్న ఉత్సాహంతో సెకండ్ హ్యాండ్ కారు కొనేవారు చేతిలో ఉన్న డబ్బంతా కారు ధరకే పెట్టకూడదు. అందులో కనీసం ఐదో వంతు పక్కన పెట్టి, ఆ మిగిలిన మొత్తంలో దొరికే కార్లనే చూడాలన్నది నా సలహా. పక్కన పెట్టిన సొమ్ము తొలి రోజుల్లో టైర్లకు, బ్రేకులకు, సర్వీసుకు ఖర్చయిపోతుంది. హంగులకు దక్కేది ఆ తరువాత మిగిలినదే.

ఇదివరకే ఎవరో మార్పులు చేయించిన కారు చవకగా కనిపించినా, నేను మాత్రం కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్లుగా ఉన్న కారునే ఎంచుకుంటాను. కోసేసిన స్ప్రింగులు, టేపు చుట్టి వదిలేసిన వైర్లు, ఎవరు రాశారో తెలియని ఇంజిన్ సాఫ్ట్‌వేర్ వంటివాటిని సరిచేయడం కొత్తగా మార్పు చేయడం కన్నా కష్టమైన పని, పైగా లోపం ఎక్కడుందో వెతకడానికే రోజులు పడుతుంది.

కారు చూడడానికి వెళ్లేముందు, మీరు వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి చెప్పి ఉంచండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూస్తే, ముందే వేడి చేసి ఉంచారో లేదో తెలిసిపోతుంది. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేయించి, మీరు సైలెన్సర్ దగ్గర నిలబడండి. మొదట్లో పలుచటి తెల్లటి ఆవిరి వచ్చి కాసేపటికి ఆగిపోవడం సహజమే కానీ, ఇంజిన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తూనే ఉంటే కూలెంట్ సిలిండర్లలోకి చేరుతోందని అనుమానించాలి. స్టార్ట్ చేసిన వెంటనే ఒక్కసారి నీలిపొగ వచ్చి పోతే వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగుల సంగతి చూడవలసి వస్తుంది. పిస్టన్ రింగుల పనంటే ఇంజిన్ విప్పడమే కాబట్టి అలాంటి కారును వదులుకోవడమే మేలు.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలను చదివే ఓబీడీ స్కానర్ ఒకటి వెంట తీసుకెళ్లండి. ఎర్రర్ కోడ్‌లు ఏవీ లేవని సంతోషించే ముందు, అదే స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయో లేదో చూడాలి. కోడ్‌లను చెరిపేసినప్పుడు ఆ మానిటర్లు కూడా మొదటికి వస్తాయి, మళ్లీ పూర్తవడానికి కారును కొంత దూరం నడపవలసి ఉంటుంది. అందువల్ల చాలావాటికి పూర్తి కాలేదని చూపిస్తే, ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపారని గానీ బ్యాటరీ తీసి పెట్టారని గానీ అర్థం. తరువాత బానెట్, డోర్లు, ఫెండర్ల బోల్టులను గమనించండి. వాటి తలల మీద పెయింట్ చిట్లి ఉంటే ఆ భాగాన్ని ఎప్పుడో విప్పి బిగించారన్నమాట. టైరు పక్క గోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారంలో తయారైందని తెలుసుకోవాలి. టైరు లోపలి అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్‌ను, రెండు అంచులూ అరిగితే తక్కువ గాలితో నడిపిన అలవాటును శంకించవచ్చు.

కొన్న తరువాత మొదటి పని ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ మార్పించడం. వాల్వులు, పిస్టన్లు ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఉన్న ఇంజినయితే దానిని ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేని పక్షంలో మార్చలేదనే అనుకోవాలి, ఎందుకంటే చాలా ఇంజిన్లలో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ మరిగే స్థానం ఉండాలి, తేమ చేరాక పాటించవలసిన కనీస ప్రమాణం 155 డిగ్రీలు మాత్రమే. దిగుడు దారిలో బ్రేకుల వేడికి ఆ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడుతుంది. అది చూసి పెద్ద డిస్కులు కొనేవారిలో చాలామందికి కొత్త బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లే సరిపోతాయి.

ఇక టైర్లు, రిమ్ములు. ఈ విషయంలో చూపును బట్టి కాకుండా లెక్కను బట్టి నడుచుకోవాలి. 205/55 ఆర్16 అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు. పక్క గోడ 112.75 మిల్లీమీటర్లు, దానిని రెట్టింపు చేసి రిమ్ము కొలత 406.4 కలిపితే మొత్తం వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 225/45 ఆర్17 వేస్తే సుమారు 634 వస్తుంది కనుక స్పీడోమీటర్ రీడింగులో తేడా అర శాతం కూడా ఉండదు. వ్యాసం కుదిరినంత మాత్రాన రిమ్ము కుదిరినట్లు కాదు, ఆఫ్‌సెట్ కూడా, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి అది కారుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో కూడా చూసుకోవాలి. ఏడంగుళాల వెడల్పు, 45 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము తీసి ఎనిమిదంగుళాల వెడల్పు, 35 ఆఫ్‌సెట్ ఉన్నది వేశారనుకుందాం: పెరిగిన అంగుళంలో సగం, అంటే 12.7 మిల్లీమీటర్లు, ఆఫ్‌సెట్ తగ్గిన 10 మిల్లీమీటర్లు కలిసి రిమ్ము బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, వెనక సీట్లు నిండినప్పుడు ఫెండరుకు తగిలేది ఇక్కడే. రిమ్ము మధ్య రంధ్రం హబ్ (కారు వైపు చక్రం కూర్చునే భాగం) కన్నా పెద్దదైతే సెంటరింగ్ రింగులు వేయించాలి, నట్లను 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత టార్క్ రెంచ్‌తో (నిర్ణీత బలంతో బిగించే పానాతో) మళ్లీ సరిచూడాలి.

కారు ఎత్తు తగ్గించదలచినవారు స్ప్రింగులను కోయించకుండా, వాటికి సరిపోయే షాక్ అబ్జార్బర్లతో కలిపి సెట్టుగా కొనడం మంచిది. బిగించేటప్పుడు మెకానిక్ పక్కన నిలబడి ఒక్కటి గమనించండి: చక్రాన్ని కారు బాడీకి కలిపే, రబ్బరు బుష్‌లున్న కంట్రోల్ ఆర్మ్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగించేస్తే, కారు కిందికి దిగినప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి త్వరగా చిరిగిపోతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే ఆఖరి బిగింపు ఇవ్వాలి, ఆ తరువాత అలైన్‌మెంట్ చేయించాలి. పని మీరే చేసుకుంటున్నట్లయితే ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టాలి.

ఇంజిన్ శక్తి పెంచడాన్ని నేను చివరికి ఉంచుతాను. టర్బో లేని ఇంజిన్‌కు ఎయిర్ ఫిల్టరు, సైలెన్సరు మార్చితే శబ్దం పెరిగినంతగా శక్తి పెరగదు. టర్బో ఇంజిన్‌లో సాఫ్ట్‌వేర్ మార్పుతో గట్టి తేడా వస్తుంది కానీ, ఆ బరువంతా ముందుగా క్లచ్ మీద పడుతుంది. పై గేరులో, తక్కువ ఆర్‌పీఎమ్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు వేగం పెరగకుండా ఆర్‌పీఎమ్ ముల్లు మాత్రమే లేస్తుంటే క్లచ్ జారుతోందని గుర్తించి, ముందు దానిని మార్పించాలి. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయించడం చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. హాలోజన్ కోసం చేసిన హెడ్‌లైట్‌లో ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. వెనక బిగించే పెద్ద రెక్కల గురించి చెప్పవలసింది ఏమీ లేదు. అవి యజమాని ఇష్టం.

రెండు మార్పులు ఒకేసారి చేయించవద్దు. ఒకటి పూర్తయ్యాక ఎప్పుడూ వెళ్లే దారిలోనే కొన్నాళ్లు నడిపితే, కొత్తగా వచ్చిన శబ్దం దేనివల్లనో వెతుక్కోనక్కరలేదు. ప్రతి మార్పు గురించి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి, లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ చిక్కుల్లో పడవచ్చు. తీసిన అసలు భాగాలను బోల్టులతో సహా, ఏవి ఎక్కడివో రాసి భద్రపరచండి. కారు అమ్మేనాటికి వాటిని తిరిగి బిగించుకుంటే, కొత్తగా వేయించిన రిమ్ములను, సస్పెన్షన్‌ను విడిగా అమ్ముకోవచ్చు.