ఆన్‌లైన్ కోర్సు పూర్తయ్యాక కొత్త వృత్తిలోకి: కెరీర్ సపోర్టును వాడుకునే పద్ధతి

పది పదిహేనేళ్లు ఒక వృత్తిలో ఉండి, రాత్రిళ్లు నిద్ర తగ్గించుకుని ఆన్‌లైన్‌లో కొత్త విద్య నేర్చుకున్నవారు సర్టిఫికెట్ చేతికందిన వారంలోనే దిక్కుతోచని స్థితిలో పడటం తరచుగా చూస్తుంటాను. అంతవరకు వారం వారం పాఠాలు, అసైన్‌మెంట్లు, గడువులు నడిపించాయి. ఇప్పుడు రేపు పొద్దున ఏం చేయాలో చెప్పేవారు ఉండరు. ఆ సమయంలో ఆసరాగా ఉండటానికే శిక్షణ సంస్థలు కెరీర్ సపోర్ట్ అనే సేవను ఇస్తాయి. రెజ్యూమె దిద్దడం, మాక్ ఇంటర్వ్యూలు (సాధన కోసం చేసే నమూనా ఇంటర్వ్యూలు), కోచ్‌తో మాటామంతీ, కొన్నిచోట్ల కంపెనీలకు పరిచయం చేయడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. వృత్తి మారాలనుకునేవారి రెజ్యూమెలు చదివి, వారికి మాక్ ఇంటర్వ్యూలు చేసే పనిలో నేను గమనించిన ముఖ్యమైన పొరపాటు ఒకటి ఉంది: వారు తమ పాత వృత్తిని దాచిపెట్టి, నిన్నగాక మొన్న డిగ్రీ పూర్తిచేసిన యువకుల్లా కనిపించాలని చూస్తారు. ఆ పోటీలో వారికి గెలుపు కష్టం. పాత అనుభవాన్ని కొత్త పనికి ముడివేయడానికి ఈ సేవను వాడుకున్నవారి దారి చాలా వరకు సుగమమవుతుంది.

ముందుగా ఒప్పంద పత్రం చదవాలి

వీలైతే కోర్సులో చేరకముందే, లేదంటే కనీసం కోర్సు సగంలో ఉండగానే, కెరీర్ సపోర్ట్ గురించి ఒప్పందంలో రాసిన భాగాన్ని తీరిగ్గా చదవండి. ఈ సేవ ఎప్పుడు మొదలవుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, కోచ్‌తో ఎన్నిసార్లు మాట్లాడవచ్చు అన్నవి మొదట చూడాలి. కోర్సు ముగిసిన 6 నెలలకే సేవ ఆగిపోయే కోర్సులు ఉన్నాయి. కాస్త విశ్రాంతి తీసుకుని మొదలుపెడదామనుకున్నవారికి ఆ 6 నెలల్లో రెండు నెలలు తెలియకుండానే గడిచిపోతాయి.

ఉద్యోగం వెతకడంలో సాయపడతామనడం వేరు, ఉద్యోగం రాకపోతే ఫీజు వెనక్కి ఇస్తామనడం వేరు. ఈ రెండో రకం హామీకి షరతులు గట్టిగా ఉంటాయి: వారానికి ఇన్ని దరఖాస్తులు చేయాలి, వాటి వివరాలు నమోదు చేయాలి, కోచ్ పిలిచిన ప్రతిసారీ హాజరు కావాలి, ఫలానా ప్రాంతాల్లో ఉద్యోగానికి సిద్ధపడాలి, వచ్చిన ఆఫర్‌ను కాదనకూడదు. ఒక్క షరతు తప్పినా హామీ చెల్లకుండా పోవచ్చు కాబట్టి వాటిని ఒక కాగితం మీద రాసి ఎదురుగా పెట్టుకోవడం మంచిది. జీతం వచ్చాక అందులో వాటా చెల్లించే పద్ధతిలో చేరినవారు నాలుగు అంకెలు తెలుసుకోవాలి: జీతంలో ఎంత శాతం, ఎంత జీతం దాటాక చెల్లింపు మొదలవుతుంది, ఎన్ని నెలలు చెల్లించాలి, మొత్తం మీద గరిష్ఠంగా ఎంత.

ప్రకటనల్లో కనిపించే ప్లేస్‌మెంట్ శాతాన్ని నమ్మేముందు, దాన్ని ఎవరెవరిని లెక్కలోకి తీసుకుని కట్టారో అడగాలి. కోర్సు మధ్యలో మానేసినవారిని, ఉద్యోగం వెతకడం ఆపేసినవారిని తీసేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. అదే సంస్థలో కొన్నాళ్లు ట్యూటర్‌గా చేసినా, పార్ట్‌టైమ్ పని దొరికినా ఉద్యోగం వచ్చినట్టే లెక్కవేసే అవకాశం కూడా ఉంది. అడిగినప్పుడు సూటిగా జవాబు చెప్పిన సంస్థ మీద నమ్మకం పెంచుకోవచ్చు. నీళ్లు నమిలితే ఆ శాతాన్ని పక్కన పెట్టేయండి.

పాత వృత్తిని కొత్త భాషలో రాయడం

నేను ఎక్కువ సమయం వెచ్చించేది ఇక్కడే, ఎందుకంటే ఎక్కువమంది చిక్కుకునేది కూడా ఇక్కడే. ఉదాహరణకు, ఒక కర్మాగారంలో 11 ఏళ్లు స్టోర్స్ ఇన్‌ఛార్జిగా పనిచేసి, డేటా అనలిటిక్స్ కోర్సు చేసిన వ్యక్తిని ఊహించుకోండి. ఆయన రెజ్యూమె పై భాగమంతా కోర్సులో నేర్చుకున్న సాఫ్ట్‌వేర్ల పేర్లతో నిండి ఉంటుంది, అడుగున మాత్రం ఒకే ఒక్క ముక్క: "స్టోర్స్ ఇన్‌ఛార్జి, 11 ఏళ్లు. సరుకు నిల్వలు చూసుకోవడం, రిజిస్టర్లు రాయడం." చదివేవారికి అందులో డేటా పని ఎక్కడా కనిపించదు.

అదే వ్యక్తిని కూర్చోబెట్టి, నెలాఖరున మీరు సరిగ్గా ఏం చేసేవారని అడిగితే వేరే సంగతులు బయటికి వస్తాయి. అప్పుడు ఆ వాక్యం ఇలా మారుతుంది: "2,400 రకాల విడిభాగాల నిల్వలను ప్రతి నెలా సరిచూసి, రికార్డుకూ అసలు సరుకుకూ తేడా వచ్చినచోట కారణం కనిపెట్టడం, ఏడాదిగా కదలని సరుకు జాబితాను ఎక్సెల్‌లో తయారుచేసి కొనుగోలు విభాగానికి అందించడం, ఏ విడిభాగం ఎప్పుడు అయిపోతుందో గత నెలల వాడకాన్ని బట్టి ముందుగా అంచనా వేయడం." ఇందులో కల్పించినది ఏదీ లేదు, చేసిన పనినే విప్పి చెప్పాం. మీరు కూడా కోచ్‌ను కలిసేముందు పాత ఉద్యోగంలో ఒక మామూలు వారం రోజులను గుర్తుచేసుకుని, ఎవరు ఏం అడిగితే ఏం చేసి ఇచ్చేవారో రెండు పేజీలు రాసుకోండి. రెజ్యూమెకు కావలసిన ముడిసరుకు ఆ రెండు పేజీల్లో ఉంటుంది. పనిలో అంకెలు గుర్తుంటే వాడండి. గుర్తులేకపోతే ఊహించి రాయకండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ అంకె మీదే రావచ్చు.

ఉద్యోగాన్ని వెతికే చోటు కూడా దీన్ని బట్టే మారుతుంది. ఆ స్టోర్స్ ఇన్‌ఛార్జి అన్ని రకాల డేటా ఉద్యోగాలకూ దరఖాస్తు పెట్టడం కన్నా, సరుకు నిల్వలు, రవాణా, కొనుగోళ్లు ఉన్న కంపెనీల్లో అనలిస్టు ఉద్యోగాలకు పెట్టడం మేలు. అన్నిటికన్నా దగ్గరి దారి మరొకటి ఉంది, దాన్ని చాలామంది తలుచుకోనే తలుచుకోరు: ఇప్పుడు పనిచేస్తున్న సంస్థలోనే వేరే విభాగానికి మారడం. మిమ్మల్ని ఎరిగినవారు అక్కడ ఉన్నారు, మీ మాట మీద నమ్మకం ఉంది, జీతం ఆగదు. ఇంటి బాధ్యతలు ఉన్నవారు ఉద్యోగానికి రాజీనామా చేసి ఖాళీగా వెతకడానికి సిద్ధపడేముందు ఈ దారిని తప్పకుండా ప్రయత్నించాలి.

అందరి దగ్గరా ఉన్న ప్రాజెక్టు చాలదు

కోర్సులో చేయించిన ప్రాజెక్టునే పోర్ట్‌ఫోలియోలో (మీ పనిని చూపించే నమూనాల సంకలనంలో) పెడితే, అదే బ్యాచ్‌లోని వందలమంది దగ్గర అదే ఉంటుంది. 1936లో రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త తన పరిశోధనా వ్యాసంలో వాడిన 150 ఐరిస్ పూల కొలతలు ఈనాటికీ మెషిన్ లెర్నింగ్ పాఠాల్లో తిరుగుతూనే ఉన్నాయి. టైటానిక్ ఓడ ప్రయాణికుల జాబితా కూడా అంతే. నేర్చుకోవడానికి అవి చక్కగా పనికొస్తాయి, కానీ ఇంటర్వ్యూ చేసేవారు వాటిని లెక్కలేనన్నిసార్లు చూసి ఉంటారు. మీ పాత రంగంలో నిజంగా ఎదురైన ఒక ఇబ్బందిని తీసుకుని, చిన్నదైనా సరే సొంతంగా ఒక ప్రాజెక్టు చేయండి. పాత కంపెనీ డేటాను మాత్రం ముట్టుకోకండి. అది మీది కాదు, పైగా అలాంటి డేటాను బయటపెట్టేవారిని కొత్త కంపెనీ కూడా నమ్మదు. బహిరంగంగా దొరికే డేటాతోనో, మీరే తయారుచేసిన నమూనా డేటాతోనో చేసి, ఆ సంగతి స్పష్టంగా రాయండి. కోడ్‌ను, ప్రాజెక్టులను నలుగురికీ చూపించే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు సమస్య ఏమిటి, ఏం చేశాను, ఎక్కడ కుదరలేదు అన్న మూడు సంగతులను ఒక పేజీలో వివరించండి. ఆ మూడోదాన్ని నిజాయితీగా రాసినవారితో ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఎంతో ఉంటుంది.

రెజ్యూమె ఆకృతి గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పెద్ద కంపెనీలు దరఖాస్తులను సాఫ్ట్‌వేర్‌తో వడపోసి, వెతుక్కుంటాయి కాబట్టి అక్షరాలను బొమ్మల్లో పెట్టకుండా, సాదా శీర్షికలతో, ఒకే నిలువు వరుసలో రాయండి. ఉద్యోగ ప్రకటనలో వాడిన పదం మీకు నిజంగా వచ్చిన పనికి సరిపోతే, అదే పదాన్ని వాడండి.

పరిచయాలు

1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఉద్యోగ సమాచారం మనకు ఆప్తమిత్రుల కన్నా అంతగా దగ్గరకాని పరిచయస్థుల ద్వారా ఎక్కువగా అందుతుంది. కారణం తేలికగానే అర్థమవుతుంది: దగ్గరివారికి తెలిసినవి మనకూ తెలిసే ఉంటాయి, దూరపు పరిచయస్థులు మనకు తెలియని చోట్ల తిరుగుతుంటారు. 2022లో ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్డ్‌ఇన్‌లో సుమారు 2 కోట్లమంది సమాచారంతో వెలువడిన అధ్యయనం కూడా, ఓ మోస్తరు బలహీనమైన పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువగా తోడ్పడతాయని చూపింది. వృత్తి మారేవారికి ఇది మరింత వర్తిస్తుంది, ఎందుకంటే వారి దగ్గరి స్నేహితులంతా పాత వృత్తిలోనే ఉంటారు.

అందుకని మీతో కోర్సు చేసినవారిని, మీకన్నా ముందు బ్యాచ్‌లో చేసి ఉద్యోగంలో చేరినవారిని వదులుకోకండి. ముందు బ్యాచ్‌వారిని ఇద్దరు ముగ్గురిని పరిచయం చేయమని కోచ్‌ను నేరుగా అడగవచ్చు. కొత్తవారికి సందేశం పంపేటప్పుడు ఉద్యోగం ఇప్పించమని మొదలుపెడితే జవాబు రావడం కష్టం. ఇలా రాయవచ్చు:

"నమస్కారమండీ. నేను 11 ఏళ్లు స్టోర్స్ విభాగంలో పనిచేసి, ఇటీవల డేటా అనలిటిక్స్ కోర్సు పూర్తిచేశాను. మీరు సప్లై చెయిన్ అనలిస్టుగా ఉన్నారని మీ ప్రొఫైల్‌లో చూశాను. మీ పని రోజువారీగా ఎలా ఉంటుందో, కొత్తగా చేరినవారికి ఏది కష్టంగా అనిపిస్తుందో తెలుసుకోవాలని ఉంది. మీకు వీలైన రోజు 15 నిమిషాలు ఫోన్‌లో మాట్లాడగలరా?"

మాట్లాడటానికి ఒప్పుకుంటే సమయానికి ఫోన్ చేసి, 15 నిమిషాలు కాగానే మీరే ముగించండి. మరుసటి రోజు, వారు చెప్పినదాంట్లో ఏది పాటిస్తున్నారో ఒక వాక్యంలో రాసి పంపండి. నెల తర్వాత ఆ సంస్థలో ఖాళీ వస్తే, అప్పుడు రిఫరల్ (మీ పేరును లోపలివారు సిఫారసు చేయడం) అడగడం ఇద్దరికీ ఇబ్బందిగా ఉండదు.

"ఇన్నేళ్ల తర్వాత ఎందుకు మారుతున్నారు?"

ఈ ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలోనూ ఏదో ఒక రూపంలో వస్తుంది. పాత ఉద్యోగంలో ఎదుగుదల లేదని, యాజమాన్యం మంచిది కాదని, కొత్త రంగంలో జీతాలు ఎక్కువని చెప్పే జవాబులు నిజమే కావచ్చు. కానీ అవి మీరు దేన్నుంచి పారిపోతున్నారో చెబుతాయి, ఈ పనికి ఎందుకు తగినవారో చెప్పవు. జవాబు పాత పనిలోంచి మొదలై కొత్త పనిలోకి రావాలి. మన స్టోర్స్ ఇన్‌ఛార్జి ఇలా చెప్పవచ్చు: "ఏ సరుకు ఎప్పుడు అయిపోతుందో ముందే చెప్పాల్సిన బాధ్యత నాది. మొదట్లో అనుభవంతో చెప్పేవాణ్ణి, తర్వాత పాత నెలల లెక్కలు ఎక్సెల్‌లో వేసి చూడటం మొదలుపెట్టాను. అంచనాలు మెరుగుపడ్డాయి, కానీ ఎక్సెల్‌తో కుదరని ప్రశ్నలు వచ్చాయి. వాటి కోసమే డేటాతో పనిచేసే కంప్యూటర్ భాషలు ఎస్‌క్యూఎల్, పైథాన్ నేర్చుకున్నాను. మీ ప్రకటనలో నిల్వల అంచనా అన్న మాట చూసి దరఖాస్తు చేశాను." గట్టిగా చదివితే నిమిషం కూడా పట్టదు. దీన్ని మాక్ ఇంటర్వ్యూలో చెప్పి, రికార్డు చేసుకుని, ఒంటరిగా కూర్చుని వినండి. ఎక్కడ గొంతు తడబడుతోందో అక్కడ మాటలు మార్చుకోవాలి.

ఇంటర్వ్యూ చేసే వ్యక్తి మీకన్నా పదేళ్లు చిన్నవారు కావచ్చు. దాని గురించి తేలిక చేసి మాట్లాడటమూ వద్దు, సంజాయిషీ ఇచ్చుకోవడమూ వద్దు. వారికి ఉండే అసలు సందేహం ఒకటే: ఈయన, ఈవిడ మా దగ్గర చెప్పింది నేర్చుకుంటారా? ఇటీవల ఏదైనా తప్పు చేసి, మీకన్నా చిన్నవారు చెప్పగా దిద్దుకున్న సందర్భాన్ని సిద్ధంగా ఉంచుకుంటే ఆ సందేహం తీరుతుంది.

కోచ్ దగ్గరికి లెక్కలతో వెళ్లాలి

"ఎన్ని దరఖాస్తులు పెట్టినా రావడం లేదండీ" అని కోచ్‌తో చెబితే, ధైర్యం చెప్పడం తప్ప వారు చేయగలిగింది తక్కువ. ఒక నోటుపుస్తకంలోనో ఎక్సెల్ షీటులోనో ప్రతి దరఖాస్తుకూ తేదీ, కంపెనీ, ఉద్యోగం పేరు, ఎలా పంపారు, ఏ దశ దాకా వెళ్లింది అన్నవి రాసి తీసుకెళ్లండి. లోపం ఎక్కడుందో ఆ పట్టికే చూపిస్తుంది. 40 దరఖాస్తులు పెట్టినా ఒక్క ఫోన్ కూడా రాలేదంటే ఎంచుకున్న ఉద్యోగాలో రెజ్యూమెనో సరిగా లేవన్నమాట. అప్పుడు ఇంకో సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం వల్ల ప్రయోజనం ఉండదు. ఫోన్లు వచ్చి మొదటి రౌండులోనే ఆగిపోతుంటే మిమ్మల్ని మీరు పరిచయం చేసుకునే తీరును దిద్దుకోవాలి. టెక్నికల్ రౌండులో ఆగుతుంటే మాత్రం పాఠాల దగ్గరికి మళ్లీ వెళ్లాలి. చివరి రౌండు దాకా వెళ్లి ఆగుతున్నవారు చేస్తున్నదాన్నే ఇంకొంతకాలం కొనసాగించడం మంచిది, వారికి పెద్ద మార్పులు అక్కర్లేదు. ఈ తేడా తెలియక, వరుసగా సర్టిఫికెట్లు పెంచుకుంటూ పోయేవారిని చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. వారి కష్టమంతా అవసరం లేని చోట ఖర్చవుతోంది.

వారానికి 5 గంటలకన్నా ఎక్కువ దొరకని గృహస్థులు ఆ సమయాన్ని దరఖాస్తులకే పెట్టకుండా, సగం సమయం పరిచయాలకూ మాక్ ఇంటర్వ్యూలకూ కేటాయించాలి. ఏ రోజు ఏ గంటలో కూర్చుంటారో ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి.

సేవ ముగియడానికి నెల ముందు కోచ్‌కు ఒక మెయిల్ రాసి, గడువు పొడిగించే వీలుందా అని అడగండి. ఒప్పందంలో లేకపోయినా కొందరు ఒకటి రెండు సెషన్లు అదనంగా ఇస్తారు. సంస్థ వెబ్‌సైటులోని మీ ఖాతాలో ఉన్న రెజ్యూమె ప్రతులు, కోచ్ రాసిన వ్యాఖ్యలు, మాక్ ఇంటర్వ్యూ రికార్డింగులు, ప్రాజెక్టు ఫైళ్లు మీ కంప్యూటర్‌లోకి తీసుకోండి. సర్టిఫికెట్‌ను సరిచూసుకునే లింకు, సంస్థ లాగిన్ అవసరం లేకుండా బయటివారికి తెరుచుకుంటోందో లేదో వేరే ఫోన్‌లో పరీక్షించండి. లాగిన్ మూసేశాక ఇవన్నీ అడిగి తెప్పించుకోవడానికి వారాలు పట్టవచ్చు.